అడగనివాళ్ళ టికెట్లు

మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి రెండు. మైపాడు రోడ్డులో మా నాన్న నా పేర రాసిపోయిన రొయ్యల మేత గోడౌను ఒకటి, మా ఆయన షోల పోస్టర్ల మీద అచ్చయ్యే నా ఫోను నంబరు ఒకటి. గోడౌను ఖాళీగా ఉండేది. నంబరుకు ఖాళీ ఉండేది కాదు.

ఆ పొద్దున మెత్తళ్ళ తలలు గిల్లుతున్నాను. వేలెడు కూడా ఉండని చేపలు, ఒక్కొక్కదాని తల గిల్లి పేగు లాగాలి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. అవతల ఒక పెద్దమనిషి. "ఏమ్మా, సుశీల్ లేడా? సరే, ఎనిమిది పాసులు తీసి పక్కన పెట్టు. ముందు వరసలో. మా బామ్మర్ది వాళ్ళు కూడా వస్తాండారు" అన్నాడు. టికెట్టు ఎంత అని అడగలేదు. మా ఊళ్ళో పాటల షోకి టికెట్టు కొనడమంటే తెలిసినవాళ్ళెవరూ లేరని ఒప్పుకోవడం. పలుకుబడి ఉన్నవాళ్ళకి పాసు నడుచుకుంటూ రావాలి. బియ్యం గింజ కొరికి ధర చెప్పగల ఊరే, పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి జేబులోకి పోదు.

మా ఆయన సుశీల్ సౌండు బాక్సులు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తాడు. ఇల్లు దాని మీద నడుస్తుంది. పాప్ షోలు పేరు కోసం. సినిమా పాటలతో పేరొచ్చిన కుర్రవాళ్ళని హైదరాబాదు నుంచి రప్పిస్తాడు, గ్రౌండు నింపుతాడు, చివర్లో స్టేజీ ఎక్కి బొకే ఇస్తాడు. ఏ షోకైనా ఖర్చులు పోను పది వేలు మిగిలితే నెలంతా చెప్పుకునేవాడు. నా పని స్టేజీ ఎక్కదు. ఫోన్లు ఎత్తాలి, టికెట్ల మీద ముద్ర వెయ్యాలి, పాసులు వరసల ప్రకారం విడగొట్టాలి, హోటల్ కారం పడని పాటగాడికి ఇంటి నుంచి రసం, పెరుగన్నం పంపాలి, ఒకసారి ఆ పాటగాడి చొక్కా కూడా ఇస్త్రీ చేశాను. షో రోజు గేటు దగ్గర నిలబడి టికెట్లు చించాలి. పెళ్ళైన కొత్తలో మొదటిసారి ఫోను నా చేతికిచ్చినప్పుడు, "ఇంట్లో ఉండేదానివే కదా మే, ఎత్తితే ఏం పోతాది?" అన్నాడు. నిజమే, ఏమీ పోయినట్టు నాకూ కనపడలేదు. ఆయన మైకులో దేవునికీ పోలీసులకీ కరెంటోళ్ళకీ వాళ్ళమ్మకీ కృతజ్ఞతలు చెప్పేటప్పుడు నేను గేటు దగ్గర చిరిగిన ముక్కలు ఏరుతూ ఉండేదాన్ని. ఎందుకో కాళ్ళు నిలిచేవి కావు. ఎవరో నన్ను పిలుస్తున్నట్టు, నేను ఇంకెక్కడికో పోవలసి ఉన్నట్టు అనిపించేది.

ఆ ఎనిమిది పాసుల షో ముందురోజు పాటగాడికి గొంతు పట్టేసింది. వారం వాయిదా. సుశీల్ తన ఫోను ఆపేసి పడుకున్నాడు. పోస్టరు మీద ఉన్నది నా నంబరు. గంట తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "డబ్బులు ఎప్పుడేస్తారు?" "పిల్లకి ఆ రోజే పుట్టినరోజు, మళ్ళీ వారం వస్తాదా?" "నీతో ఏంది, మీ ఆయన్ని పిలువు." వెంకటాచలం నుంచి ఒకాయన అరిచాడు. "కారు మాట్లాడినామమ్మా. ఆ అద్దె ఎవరిస్తారు?" టికెట్టు నంబరు చెప్పమన్నాను. "నాకు పాసు వచ్చింది" అన్నాడు.

వాళ్ళది తప్పని నేననను. వాళ్ళు కొన్నది ఒక సాయంత్రం. సాయంత్రం అందలేదు, వెల వెనక్కి ఇవ్వాలి. మేత బస్తా చెమ్మ పడితే మా నాన్న మారుమాట లేకుండా తిరిగి తీసుకునేవాడు. తిట్టిన నోళ్ళకి కూడా లెక్కగా తిరిగిచ్చాను. తిట్లు మాత్రం నా దగ్గర ఉండిపోయాయి.

ఆ తర్వాత డెబోరా వచ్చింది. తీరాన రొయ్యపిల్లల హేచరీలో ల్యాబు పని చేస్తుంది, ఆదివారాలు మా చర్చి క్వయర్‌లో పాడుతుంది. ఆమెకొక హెవీ మెటల్ బ్యాండు ఉందని అప్పుడే తెలిసింది. నలుగురు. కళ్యాణ మండపాలవాళ్ళు ఎవరూ హాలివ్వలేదట.

"నీ గోడౌను ఇస్తావా అక్కా? ఊరికి దూరం, ఎవురికీ ఇబ్బంది ఉండదు. మాతో పాటు చెన్నై బ్యాండు ఒకటి వస్తాది. టికెట్లు పెడతాం. ఖర్చులు పోను మిగిలింది చెరి సగం."

"ఎట్టా పాడతారు, ఒకసారి వినిపించు" అన్నాను. గొంతు సవరించుకుని పాడింది. వంటింట్లో గిన్నె మూత అదిరింది. అత్తమ్మ కరుణాకుమారి గారు ప్రార్థన మధ్యలో లేచొచ్చారు. "క్వయర్‌లో ముందు వరసలో నిలబడే పిల్లవి, ఇదేం నోరే?" అని నా వైపు తిరిగారు. "నువ్వు సాతాను అరుపులకి గోడౌనిస్తావా అబిగయీలూ?"

"అరుపే అత్తా. దేవుడు చెవిటోడు కాదు కదా, రెండూ వింటాడు" అంది డెబోరా.

సుశీల్ పగలబడి నవ్వాడు. "బోరు మోటరు పాడైనట్టుండాది. దీనికెవురొస్తారు? నా పేరు మాత్రం పెట్టబాక మే. నీ గోడౌను, నువ్వే చూసుకో. బాక్సులు కావాలంటే పట్టుకుపో, ఊరికే ఉండాయి కదా." అందుకని టికెట్ల డబ్బులు పడే స్కానరు నా ఖాతాకే పెట్టాం.

అలవాటు ప్రకారం డెబోరాను అడిగాను. "మీకు పాసులెన్ని తీసి పెట్టమంటావు?" ఆ పిల్ల నేనేదో బూతు మాటన్నట్టు చూసింది. "పాసులేందక్కా? మా అమ్మ కూడా కొనుక్కునే వస్తాది. మా డ్రమ్స్ వాయించే అబ్బాయి చెల్లెలు నిన్ననే కొన్నింది. మనోళ్ళు కొనకపోతే ఇంకెవురు కొంటారు?"

టికెట్లు పాప్ షో లాగా పోలేదు. పాప్ టికెట్లు పోస్టరు పడిన రెండు రోజులు ఎగిరిపోయి ఆగిపోతాయి, ఆ తర్వాత పాసుల ఫోన్లే. ఇవి రోజూ కొన్ని, ఒకే తీరున, ఒంగోలు నుంచి, తిరుపతి నుంచి, చెన్నై నుంచి. ఫ్యామిలీకి ఎంత అని ఒక్కరూ అడగలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క టికెట్టు. అడిగే ప్రశ్నలు వింతగా ఉండేవి. రైలు దిగాక ఆటో దొరుకుతుందా, బ్యాండు టీషర్టులు అమ్ముతారా, అమ్మితే ఆ డబ్బు బ్యాండుకే పోతుందా. ఒంగోలు నుంచి వినోద్ అనే అబ్బాయి రోజు మార్చి రోజు ఫోను చేసేవాడు. "ఎన్ని అమ్ముడుపోయినాయక్కా? ఇంకా మిగిలుంటే మా ఆఫీసులో ఇద్దరి మెడ మీద కూర్చుంటా." నాకు నవ్వొచ్చేది. ఎవరి షో ఇది, అతనికెందుకు ఇంత ఆరాటం? అయినా ఆ ఆరాటం నాకూ పట్టుకుంది. పప్పు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి ఫోను చూసుకునేదాన్ని.

షోకి రెండు రోజుల ముందు వాయుగుండం. మైపాడు రోడ్డు మీద నీళ్ళు, కరెంటు స్తంభాలు వాలిపోయాయి, గోడౌన్లో మోకాలి లోతు. వాయిదా వేశాం, తేదీ చెప్పలేని వాయిదా. డబ్బు కావలసినవాళ్ళకి తిరిగిస్తామని అందరికీ మెసేజ్ పెట్టి, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, తిట్లు తినడానికి కూర్చున్నాను.

ఫోను మోగింది. "గోడౌన్లో సామాను తడిసిందా అక్కా?" ఇంకొకటి. "బ్యాండోళ్ళు క్షేమమేనా?" ఇంకొకటి. "టికెట్టు ఉంచండక్కా, ఎప్పుడైనా వస్తాం." వెనక్కి అడిగినవాళ్ళు ముగ్గురో నలుగురో. అందులో ఒక పిల్ల, "నీకు ఇబ్బంది లేకపోతేనే అక్కా, పరీక్ష ఫీజు కట్టాల" అని నసిగింది. నీళ్ళు తీసిన ఆదివారం చర్చి నుంచి నేరుగా గోడౌనుకి పోయాను. నల్ల టీషర్టుల వాళ్ళు పదిహేనుమంది దాకా చీపుర్లు పట్టుకుని ఉన్నారు. బురద నెడుతున్నారు. మూలల్లో నానిన పాత మేత కంపుకి ముక్కులు మూసుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. వినోద్ నన్ను చూసి, పేరు చెప్పుకుని, చీపురు ఎత్తి దండం పెట్టాడు. "ఈ వాసన ఉండనియ్యక్కా. ఇట్టాంటి హాలు దేశంలో యాడా ఉండదు."

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర సుశీల్ చాలా ఆప్యాయంగా ఉన్నాడు. పులుసు బాగుందన్నాడు. తర్వాత అడిగాడు. "ఎంత వచ్చింది, ఆ అరుపుల షోకి?" చెప్పాను. లక్షా ఇరవై వేల దాకా. నమలడం ఆపాడు.

"వెనక్కి ఎంతమంది అడిగినారు?"

"ముగ్గురో నలుగురో."

"అయితే ఇంకేంది! ఆ షో ఎత్తేయ్. వానలు కదా, జరగలేదంటే అర్థం చేసుకుంటారు. హైదరాబాదు పాప్ పాటగత్తె ఒకామె అడ్వాన్సు అడగతా ఉండాది, ఆమెకి ఎయ్యి. మన పెద్ద షో ఖాయమైపోతాది."

"వాళ్ళ డబ్బండీ అది."

"అడిగినోళ్ళకి కదా ఇయ్యాల్సింది. అడగనోళ్ళు మనోళ్ళు మే. వాళ్ళు యాడికి పోతారు?"

పెరుగు గిన్నె నా చేతిలోనే ఉంది. ఆయన అన్న మాటలో కోపం లేదు, కపటం కూడా లేదు. నీళ్ళు పల్లానికి పోతాయన్నంత మామూలుగా అన్నాడు. పాసు పెట్టుకుని కారు అద్దె అడిగినాయన ఇంటికి ఆయన స్వయంగా స్వీటు డబ్బా పట్టుకుపోయి క్షమాపణ చెప్పి వచ్చాడు. అరిచినవాళ్ళ పేర్లు ఆయనకి గుర్తుంటాయి. అరవనివాళ్ళకి పేర్లే లేవు. వాళ్ళు గోడౌన్లో బురద ఎత్తినా, గేటు దగ్గర నిలబడినా, మెత్తళ్ళు గిల్లినా అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ ప్రేమ, దానికి లెక్క లేదు. నేనెప్పుడూ అడగలేదు. అడగకపోవడం మంచితనమని మా అమ్మ చెప్పింది, పాస్టరుగారు చెప్పారు, పెళ్ళిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళు నేను మంచితనం చేస్తున్నాననుకున్నాను. ఆయన ఇన్నేళ్ళు మిగులు చూసుకున్నాడు. బ్యాండుని ప్రేమించి టికెట్టు కొన్న పిల్లలని ఈయన ఇప్పుడు నా చేతులతో నన్ను చేసినట్టే చెయ్యమంటున్నాడు. కూర్చోలేకపోయాను. వడ్డించడం మధ్యలోనే లేచి, వంటింటికీ హాలుకీ మధ్య ఊరికే తిరిగాను.

"ఏంది ఆ తిరుగుడు? పంపు" అన్నాడు.

"పంపనండీ. షో చేస్తా."

"నేనేమన్నా పరాయోణ్ణా?"

"మొగుడు నోరు తెరిచి అడిగితే కాదంటావా?" అన్నారు అత్తమ్మ.

"వాళ్ళు అడగకుండా నమ్మినారు అత్తమ్మా" అన్నాను.

సుశీల్ కంచంలో చెయ్యి కడిగేశాడు. "సరే, చేసుకో. నా బాక్సు ఒక్కటి రాదు. నా మనిషి ఒక్కడు రాడు. అప్పుడు తెలస్తాది షో అంటే ఏందో."

బాక్సులు గూడూరు నుంచి చంద్రమౌళి అనే ఆయన దగ్గర అద్దెకి తెచ్చాం. ఊరికే వచ్చేవి కాస్తా పెద్ద ఖర్చయ్యాయి. సుశీల్ పాటగత్తె షో వేరేవాళ్ళ చేతికి పోయింది. ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. అన్నం మాత్రం తిన్నాడు.

రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం, దూరం వాళ్ళు రాత్రి రైలు అందుకోవాలని. కొన్నవాళ్ళలో రానివాళ్ళు చాలా తక్కువ. డెబోరా వాళ్ళమ్మ జరీ చీర కట్టుకుని, టికెట్టు చూపించి లోపలికి పోయింది. మొదటి పాటకే రేకులు అదిరి, దూలాల మీద ఏళ్ళ నాటి మేత ధూళి అందరి నెత్తిన రాలింది. జనం ఒక్క కేక పెట్టారు. నేను తలనొప్పి వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ మోత ఒళ్ళంతా పట్టి, ఎవరో పిలుస్తున్నట్టు నన్నెప్పుడూ నిలవనియ్యని ఆ తిరుగుడుని కాసేపు ఆపింది. ఒకమ్మాయి పడబోతే చుట్టూ ఉన్నవాళ్ళు ఎత్తి నిలబెట్టి మళ్ళీ ఎగరసాగారు. ఇంటి నుంచి చాలా కాల్స్ వచ్చాయని తర్వాత చూశాను. ఒక్కటీ వినపడలేదు.

మర్నాడు చర్చి అయ్యాక డెబోరా, నేను గోడౌను మెట్ల మీద టీ తాగుతూ లెక్క చూసుకున్నాం. సౌండు, జనరేటరు, చెన్నై బ్యాండు ఛార్జీలు, వాయించినవాళ్ళకి తలా ఇంత, గోడౌను అద్దె. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది.

"గేటు మనిషికి ఎంతక్కా?"

"గేటు దగ్గర నేనే కదే ఉండింది."

"అదే అడగతా ఉండా. ఎంత?"

మేత బస్తా వాసన చూసి ధర చెప్పగలను. నా పనికి మాత్రం ఎప్పుడూ ధర కట్టి చూసుకోలేదు. గేటుకి మనిషిని పెడితే ఎంత, నెల పైన ఫోన్లెత్తడానికి ఎంత, బురద కడగడానికి ఎంత అని బయటి ధరలు కలుపుకుంటూ పోయాను. "పన్నెండు వేలు" అన్నాను, ఆమె తగ్గిస్తుందని ఆగాను. డెబోరా తగ్గించలేదు. తీసి పక్కన పెట్టి, మిగిలింది లెక్కపెట్టింది. పద్దెనిమిది వందలు. చెరి సగం.

బస్సులో ఇంటికి పోతూ అదే పన్నెండు వేలు సుశీల్ చేసిన ఒక్కొక్క షోలోంచీ తీసేసి చూశాను. గొప్పగా చెప్పుకున్నవాటితో సహా ఒక్కటీ నిలబడలేదు. నా కూలి కూడా ఖర్చులో వేస్తే, పెళ్ళైనప్పటి నుంచి మా ఇంట్లో షోల మీద వచ్చిన లాభం మొత్తం తొమ్మిది వందల రూపాయలు. అది నేను సంపాదించింది.