పేరు తప్పితే బయటికి

కలకత్తా గార్డెన్ రీచ్ రేవులో గవరయ్య అనే మనిషే లేడు. సోములు ఉన్నాడు. పొద్దున్నే గేటు దగ్గర కార్డు చూపించి లోపలికెళ్ళి, ఓడల్లోంచి బస్తాలు దింపేది సోములు. సాయంత్రం తెలుగు కూలీలుండే లైన్లలో తన గది గుమ్మం తొక్కితేనే వాడు మళ్ళీ గవరయ్య. అసలు సోములు వీడి మేనమామ కొడుకు. రేవు గాలి పడక ఊరెళ్ళిపోతూ, "ఉద్దోగం పారేత్తే పాపం తగుల్తాది బావా" అని కార్డు వీడి చేతిలో పెట్టి పోయాడు. ఫొటో చూస్తే పట్టుబడరా అంటారేమో. కూలోడి మొహం ఎవడు చూశాడు గనక! లైన్లలో అందరికీ తెలుసు, ఎవడూ నోరెత్తడు. సగం మందిది అదే బతుకు.

రేవులో ఏటేటా ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. తెలుగు జట్టుకి వెనక కాపలా గవరయ్య. నలభై దాటాక కాళ్ళు మొరాయించాయి గానీ తల మొరాయించలేదు. బంతి ఎంత ఎత్తున వచ్చినా నుదుటితో కొట్టి సగం మైదానం అవతలికి పంపేవాడు.

కిందటేడు ఒకడు తలకి దెబ్బ తగిలినా చివరిదాకా ఆడి, కప్పు గెలిచి, హౌరా వెళ్ళే స్టీమరెక్కి, ఒడ్డొచ్చిందనుకుని నది నడిమధ్య దిగాడు. ఈత వచ్చు గనక బతికాడు. దాని మీద యూనియనువాళ్ళు మీటింగు పెట్టారు. కలకత్తాలో ఆ రోజుల్లో మీటింగు పెట్టకుండా వాన కూడా పడేది కాదు. సింగాడాలనే సమోసాలు తిని, టీలు తాగి, తిట్టుకుని, చివరికి రేవు డాక్టరుబాబు మీదికి తోసేశారు. ఆయన ఏదో పత్రికలో చదివాడట. అమెరికాలో నెత్తిన గుండిగల్లాంటివి తగిలించుకుని పొట్టేళ్ళలా ఢీకొట్టుకునే ఫుట్‌బాల్ ఉందట. అక్కడ తలకి దెబ్బ తగిలినవాణ్ణి ప్రశ్నలడిగి గాని ఆడనివ్వరట. అదే ఇక్కడా రూలైపోయింది. నీ పేరేమిటి, ఈవేళ ఏ వారం, ఎవరితో ఆడుతున్నావు. ఒక్కటి తప్పినా బయటికి. పైగా జీతంతో సెలవు.

జీతం మాట వినగానే రేవులో తలకాయలన్నిటికీ ధైర్యమొచ్చింది. మొదటి ఆటలోనే ఒకడు తూలిపడి, పేరడిగితే ముఖ్యమంత్రినన్నాడు. డాక్టరుబాబు వాడి చెవి పట్టుకుని మైదానంలోకి తోశాడు.

ఫైనల్లో క్రేన్లవాళ్ళ జట్టులోని ఏనుగులాంటి మనిషి, గవరయ్య ఒకే బంతికి ఎగిరారు. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. గవరయ్య వెల్లకిలా పడ్డాడు. డాక్టరుబాబు పరిగెత్తుకొచ్చాడు.

"ఈవేళ ఏ వారం?"

"ఆదివారం."

"ఎవరితో ఆడుతున్నావు?"

"క్రేన్లోళ్ళతో."

"భేష్. నీ పేరు?"

"గవరయ్య."

తెలుగువాళ్ళంతా చుట్టూ మూగారు. కెప్టెన్ పోలిరాజు వంగి చెవిలో, "ఒరే, సోములనరా! కార్డు పోతాది!" అన్నాడు.

"సోములేటి? ఆడు ఊర్లో మేకలు కాసుకుంతన్నాడు. నాను గవరయ్యనిరా!"

అదృష్టం, డాక్టరుబాబుకి తెలుగు రాదు. "దాదా, వీడికి మతిపోయింది" అని పోలిరాజు బెంగాలీలో ఏడ్చాడు.

"మిగతావన్నీ సరిగ్గా చెప్పి పేరొక్కటే మర్చిపోయాడే! ఇది చాలా ప్రమాదం" అని డాక్టరుబాబు జట్టు జాబితాలో సోములన్న పేరు చూసుకుని, వాడి పెళ్ళాన్ని పిలిపించాడు. సన్యాసమ్మ ఏడుస్తూ వచ్చింది. రేషన్ దుకాణంలో మొగుడి పేరు అడిగితే పక్కింటావిడ చేత చెప్పించే మనిషి. అలాంటిది డాక్టరుబాబు అడిగీ అడగ్గానే, "సోములు బాబూ, సోములు! ఎన్నిసార్లు సెప్పమంటే అన్నిసార్లు సెప్తాను!" అని అరిచింది. పరాయి మగాడి పేరుకి సిగ్గెందుకు! వెనకనున్న ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

సెలవిచ్చారు. రోజూ పొద్దున్నే డిస్పెన్సరీకి వెళ్ళి పేరు చెప్పాలి. మర్నాటికే మతి కుదురుకుని గవరయ్యకి భయం పట్టుకుంది. కానీ లైన్లలోవాళ్ళంతా, "తప్పు సెప్పినన్నాళ్ళూ జీతం వత్తాది, సెప్పు" అన్నారు. చెప్పాడు. తీరా చెబుతుంటే ఛాతీ పొంగింది. గుమ్మం దాటాక ఒక పెద్దమనిషి ముందు తన పేరు తాను చెప్పుకోవడం ఇన్నేళ్ళకి ఇదే. డాక్టరుబాబు మాత్రం రోజురోజుకీ దిగులుపడి, ఆఖరికి, "రేపు కూడా పేరు గుర్తు రాకపోతే పనికి పనికిరాడని రాసేస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చి గవరయ్య అన్నం ముందు కూచుని, "ఏటి సేత్తాం? నా పేరేనే అది" అన్నాడు.

"నీ పేరు తింతన్నామేటి మావా?" అంది సన్యాసమ్మ. "సోములు కూడు తింతన్నాం. నోరు మూసుకుని ఆ పేరే సెప్పు."

మర్నాడు డాక్టరుబాబు ఊపిరి బిగబట్టి అడిగాడు. "నీ పేరు?"

గవరయ్య నేల చూశాడు. "సోములు."

డాక్టరుబాబు ఆనందంతో కౌగిలించుకున్నంత పని చేశాడు. "నీ బుర్ర బాగుపడింది! ఇక పనికెళ్ళు!"

గవరయ్యకి ఇద్దరు డాక్టరుబాబులు కనబడుతున్నారు. దెబ్బ తగిలిన్నాటి నుంచీ అంతే. చెబుదామనుకున్నాడు. కానీ రూల్లో కళ్ళ సంగతి లేదు, ఎవరూ అడగలేదు. ఇద్దరికీ చెరో దణ్ణం పెట్టి, తలుపు ఏది, గోడ ఏది అని తడుముకుంటూ సోములు పనిలోకి వెళ్ళాడు.