తీగ తెగితే మోగాలి

మనూర్ రోడ్డు మీదున్న స్పిరిట్ ఫ్యాక్టరీలో అడుగు పెట్టాలంటే ముందు గేటు దగ్గర అగ్గిపెట్టె, సెల్‌ఫోను రెండూ అప్పగించాలి. ట్యాంకుల చుట్టూ గాలిలోనే స్పిరిట్ ఆవిరి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మీటర్ల మెకానిక్ అంజద్‌కు బీడీ అలవాటు లేదు కాబట్టి అగ్గిపెట్టెతో పేచీ లేదు. ఫోను ఇచ్చేటప్పుడే ప్రాణం ఉసూరుమనేది.

అతని భార్య నిలోఫర్ రియాద్‌లో ఒక దవాఖానలో ఆయా. వెళ్లి పద్నాలుగు నెలలైంది. బయల్దేరిన రోజు నారాయణఖేడ్ బస్టాండులో ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఏదైనా కష్టం వస్తేనే ఫోను చేసుకోవాలి, ఫోను రాలేదంటే అవతలి మనిషి క్షేమంగా ఉన్నట్టు. ఈ గొప్ప తెలివి అంజద్‌దే. మొదట్లో ఆగలేక ఇద్దరూ మాట తప్పి, శుక్రవారం శుక్రవారం మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె డ్యూటీలు మారాయి. ఇప్పటికి పంతొమ్మిది రోజులుగా ఫోను లేదు.

సాయంత్రం గేటు దగ్గర కాపలాదారు మొగులయ్య ఫోను చేతికిస్తూ, "ఇయ్యాల గూడ రాలే భాయ్. మంచిదే గదా?" అనేవాడు.

"మంచిదే," అనేవాడు అంజద్. ఇంటికి పోయి, కిటికీలో ఆమె వదిలి వెళ్లిన కొబ్బరినూనె సీసా మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేవాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మనమూ చెప్పొద్దు.

ఇరవయ్యో రోజు మూడో ట్యాంకుకు కొత్త లెవెల్ మీటరు బిగించే పని పడింది. స్పిరిట్ తొంభై శాతం దాటగానే కంట్రోల్ రూములో హారను మోగాలి. మర్నాడే తనిఖీ. అంజద్ రవ్వ రాలని ఇత్తడి పానాలతో ట్యాంకు మీద తీగలు బిగించి, ఆవిరి దూరకుండా మూతలు పట్టించి దిగాడు. ఇక కంట్రోల్ రూములో సెట్టింగు మిగిలింది. అక్కడ సూపర్‌వైజర్ మహిపాల్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"పాత ట్యాంకులకెట్లున్నదో గట్లనే పెట్టు. ట్యాంకు నిండితె కరెంటొచ్చి మోగాలె, లేకుంటె సప్పుడు చెయ్యొద్దు. జల్దీ కానియ్."

"అట్ల వద్దు సార్. తీగల ఎప్పటికీ కరెంటు పారుతుండాలె. ట్యాంకు నిండితె అది ఆగాలె. ఆగితె మోగాలె."

"రెండూ ఒక్కటే గదా?"

"ఒక్కటెట్లయితది? ఎలుక తీగ కొరికిందనుకో. మీ లెక్కల సప్పుడే రాదు. ఆడ ట్యాంకు పొర్లుతుంటది, ఈడ మనం చాయ్ తాగుతుంటం. సప్పుడు లేదంటె అంతా మంచిగున్నట్టా, తీగ తెగినట్టా? ఎట్ల ఎరుకైతది?"

మహిపాల్ పాత ట్యాంకుల మీటర్ల వైపు ఓసారి చూశాడు. "సరే, నీ ఇష్టమున్నట్టు పెట్టు."

అంజద్ అలాగే పెట్టి, పరీక్షకని ఒక తీగ ఊడదీశాడు. హారను ఫ్యాక్టరీ అదిరేలా అరిచింది. మహిపాల్ చెవులు మూసుకుని నవ్వాడు. అంజద్ మాత్రం తీగ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. తానన్న మాటే తనకు తగిలింది. పంతొమ్మిది రోజులు. ఎట్ల ఎరుకైతది?

తీగ మళ్లీ బిగించి, గేటు దాకా పరుగులాంటి నడకతో పోయాడు. మొగులయ్య చేతిలోంచి ఫోను లాక్కుని రోడ్డు మీదికి పోయి నంబరు కొట్టాడు. ఏడో రింగుకు ఎత్తింది.

"క్యా హువా జీ? ఇంట్ల ఎవరికేమైంది?" గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఎవరికేం కాలే. నువ్వెట్లున్నవ్?"

ఆమె దక్కనీ ఉర్దూలో మెల్లగా చెప్పింది. టైఫాయిడ్. తాను ఊడ్చే దవాఖానలోనే పదకొండు రోజులు మంచం మీదుంది. నిన్ననే జ్వరం దిగింది.

"మరి నాకెందుకు చెయ్యలే?"

"మొదట చేతకాలేదు. తగ్గినాక, ఇగ పరేషాన్ లేదు గదా అనుకున్న. ఫోను దిండు కింద పెట్టుకున్న. నువ్వు చెయ్యలే. చెయ్యలేదంటె మంచిగున్నవని ఖుషీ కావాలె గదా? నాకు ఏడుపొచ్చింది."

అంజద్ రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూలబడ్డాడు. ఆ తెలివి తక్కువ ఒప్పందం చేసినందుకు తన్ను తాను తిట్టుకున్నాడు, ఆమె వినేలాగే తిట్టుకున్నాడు. ఆమె నీరసంగా నవ్వింది. అక్కడికక్కడే ఒప్పందం తిరగేశారు. ఆమె అన్నం తినే వేళ, ఇక్కడ నాలుగింటికి, రోజూ ఆమే రెండు రింగులిచ్చి పెట్టేయాలి. రాని రోజు తానే చేస్తాడు.

మర్నాడు నాలుగింటికి అంజద్ తనిఖీ వాళ్లతో మూడో ట్యాంకు మీదున్నాడు. ఫోను గేటు దగ్గరుంది. రింగులొస్తే తువ్వాలు ఊపమని మొగులయ్యకు పొద్దున్నే చెప్పాడు. నాలుగైంది. నాలుగూ ఐదు. ఆఫీసరు ఏదో అడిగితే, గేటు వైపు చూస్తూనే జవాబిచ్చాడు. ఎనిమిది.

నాలుగూ తొమ్మిదికి మొగులయ్య గదిలోంచి బయటికొచ్చి, ఎర్ర తువ్వాలు తలమీద గిరగిరా తిప్పాడు.

ఆమె గొంతు వినలేదు, ముఖం చూడలేదు. అయినా అంజద్‌కు కళ్లు నిండాయి. స్పిరిట్ ఘాటుకేనన్నట్టు తుడుచుకుని, రేపు నాలుగింటికి ఇంకా ఎంతసేపుందో లెక్క పెట్టుకుంటూ నిచ్చెన దిగాడు.