రిపెకా ముఖం

నేను ఒక జిగ్సా పజిల్‌ను. బొమ్మ అతికించిన పలుచని చెక్కను వంకరటింకర ముక్కలుగా కోస్తే పుట్టాను. లోకంలో ఏ వస్తువైనా ముక్కలైతే మనుషులు అయ్యో అంటారు. నేను మాత్రం ముక్కలైతేనే అంగట్లో అమ్ముడుపోతాను.

నా మీదున్న బొమ్మ న్యూజీలాండ్‌లో ఒక తెల్లదొర తీసిన ఫోటో. ఒక మావోరీ పెద్దావిడను స్టూడియోలో కూర్చోబెట్టి, ఎవరిదో ఈకల శాలువా భుజాన వేసి, కదలొద్దన్నాడు. ఆమె గడ్డం మీద నల్లని పచ్చబొట్టు. గొప్ప వంశపు ఆడవాళ్లకు ఆ జాతివాళ్లు వేసే గుర్తు అది. ఆ ఫోటో సముద్రాలు దాటి లండన్‌లో ఒక కార్ఖానాకు చేరింది. రంపం పట్టినవాడు చెడ్డవాడేమీ కాదు, ఈల వేసుకుంటూ పని చేసుకునే రకం. మొదటి కోత ఆమె నుదుటి మీదే పడింది. పెట్టె మీద 'మావోరీ ముసలిది' అని అచ్చువేశారు. ఆమెకూ ఒక పేరుంటుందని ఎవరికీ తోచలేదు గానీ, కంపెనీ పేరు మాత్రం ఇంతింత అక్షరాలతో వేసుకున్నారు.

నన్ను తిరిగి ఆమె దేశానికే అమ్మకానికి పంపారు. అక్కడ అగథా అనే దొరసాని కొనుక్కుంది. వాన పడిన ప్రతి ఆదివారమూ నన్ను టీ బల్ల మీద పరిచేది. ఒక కన్ను దొరికితే చప్పట్లు, ముక్కు కుదిరితే కేరింతలు. బొమ్మ పూర్తవగానే "అయిపోయింది!" అని మురిసి, ఒక్క చేత్తో ఊడ్చి పెట్టెలో పోసేది. ఎన్నేళ్లు! అన్నిసార్లు ఆ ముఖంలోకి చూసిన మనిషి, ఈమె ఎవరని ఒక్కసారి అడగలేదే! నాకు నోరుంటే అరిచేదాన్ని. నాకున్నది ఆమె నోరే, అదీ రెండు ముక్కలుగా.

ఒక ఆదివారం దొరసాని మనవరాలు లూసీకి పియానో నేర్పడానికి మెరెయానా వచ్చింది. మావోరీ పిల్ల, ఇరవై దాటి ఉంటాయేమో. బల్ల దగ్గర ఆగిపోయింది. నా నుదుటి మీద బిస్కెట్ల పళ్లెం ఉంది.

"అమ్మగారూ, ఆ పళ్లెం తీస్తారా? మాకు తల చాలా పవిత్రం. దాని మీద తిండి పెట్టకూడదు," అంది. బొమ్మ వైపు వేలు చూపింది. "ఈవిడ పేరు రిపెకా. మా నాన్నమ్మకు అమ్మ. ఈ ఫోటో మా ఇంట్లోనూ ఉంది."

"నిజంగా? ఎంత చిత్రం!" దొరసాని ముఖం వెలిగిపోయింది. "అయితే ఆఖరి ముక్క నువ్వే పెట్టాలి!"

"నాకిచ్చేయండి అమ్మగారూ. ఇక విడగొట్టకండి."

"అయ్యో, ఇది ఆడుకునే వస్తువమ్మా!" అంటూ ఆవిడ నన్ను ఊడ్చేసింది. మెరెయానా మళ్లీ ఆ ఇంటికి రాలేదు. వానలు మాత్రం మానలేదు.

దొరసాని పోయాక లూసీ నన్ను వెతికి తీసి, పెట్టెతో సహా మెరెయానా గుమ్మం ముందు నిలబడింది. "ఆ రోజు నేనూ ఉన్నాను," అంది. పెట్టె మెరెయానా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది. నా బతుకు గట్టెక్కిందనుకున్నాను. లోపల మెరెయానా పెదనాన్న హోహేపా మండిపడ్డాడు.

"మా అమ్మమ్మను కోసి ఆడుకున్నవాళ్ల వస్తువు ఇంట్లోకి తెస్తావా? తీసుకెళ్లి పాతిపెట్టు!"

"పాతిపెడతాను పెదనాన్నా. ముక్కలుగానే పాతిపెట్టమంటావా?"

ఆయన వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె బల్ల మీది అన్నపానాలన్నీ తీసేసి, శుభ్రంగా తుడిచింది. ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చెప్పాడు. ఆ తర్వాత నన్ను కలిపారు. చప్పట్లు లేవు. పచ్చబొట్టు ముక్కలు కుదిరినప్పుడు ముసలాయన చెయ్యి ఆగింది. "ఈవిడ నన్నెత్తుకుని పాడేదే," అన్నాడు. పాట ఎత్తుకున్నాడు. సగంలో ఆపి, తర్వాతి ముక్క అందుకున్నాడు.

బొమ్మ పూర్తయింది.

"గొయ్యి తవ్వనా?" అని మెరెయానా మెల్లగా అడిగింది.

"జిగురు పట్రా," అన్నాడు.

ఇప్పుడు నేను చట్రంలో ఉన్నాను. కింద రిపెకా అని రాసి ఉంది. ఇక నన్నెవరూ ఊడ్చలేరు. అయినా నా కసి చల్లారలేదు. జిగురు ఆరిన రోజు హోహేపా ఆమె చెంప మీద వేలితో నిమిరి, "ఈ కోతలు పోవా?" అని అడిగాడు.

"పోవు పెదనాన్నా."

ఎలా పోతాయి? ముఖం రిపెకాది. ఆ కోతలే నేను.