దిగని పూనకం

అసోపస్ ఏరు పొంగి బార్లీ చేలు కొట్టుకుపోయిన ఏడు అది. థ్రాసోన్ ఇంట్లో ఉన్న ఒక్క బానిస పిల్లనీ అమ్మేశాడు. దాని చాకిరీ కూడా భార్య మెలిన్నో నెత్తిన పడింది. తెల్లవారకముందే తిరగలి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత మగ్గం. దారాలు బిగువుగా ఉండాలని మగ్గానికి వేలాడదీసిన మట్టిగుండ్ల చప్పుడు ఆగితే చాలు, పక్క గదిలోంచి అత్త ఫిలో గొంతు లేచేది.

"చేతులు పడిపోయాయా?"

రెండేళ్ళకోసారి చలికాలంలో ద్రాక్షదేవుడు డయొనైసస్ కోసం ఆడవాళ్ళు కిథైరోన్ కొండ ఎక్కుతారు. ఆ ఏడు ఆ పండగ రానే వచ్చింది.

"ఈసారి లేదు," అన్నాడు థ్రాసోన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి. "కొండమీద గంతులెయ్యడానికి ఓపికుంటుంది. పిండి విసరమంటే మాత్రం నడుం నొప్పి!"

దేవుడు పూనిన ఆడదాన్ని ఆపితే ఇల్లు కూలుతుందని ఊరందరికీ భయం. మెలిన్నోకి ఏనాడూ పూనలేదు. అందరితో పాటు వెళ్ళి వచ్చేది, అంతే. వీధిలో తప్పెట మోగింది. మగ్గం మీద థ్రాసోన్ దుప్పటి సగం నేసి ఉంది. మెలిన్నో దాన్ని రెండు చేతులా పట్టి కిందికి లాగేసింది. మట్టిగుండ్లు రాలి పగిలాయి. జుట్టు విప్పుకుని, తనదని తనకే తెలియని గొంతుతో అరిచింది.

థ్రాసోన్ పక్కకు తప్పుకున్నాడు.

కొండమీదికి చేరాక, పూజ చేయించే పెద్దావిడ తప్పెట అందుకుంది. "మీరు పడుకోండమ్మా. అరవడం మా వంతు. కింద మగాళ్ళకి వినబడాలిగా."

మెలిన్నో ఎండపొడలో జింకతోలు కప్పుకుని ఒరిగింది. ఎవరూ లేపని నిద్ర. కళ్ళు మూతలు పడుతుంటే అత్త గుర్తొచ్చింది. ఆవిడా తన రోజుల్లో ఇక్కడికొచ్చి పడుకున్నదే. ఈ నిద్ర విలువ తెలిసిన మనిషే తనను లేపుతూ వచ్చింది.

ఇంటికొచ్చేసరికి థ్రాసోన్ కొత్త మట్టిగుండ్లతో ఎదురొచ్చాడు. "దిగిందా పూనకం? అయితే మగ్గం ముందు కూర్చో."

దిగిందంటే తిరగలి. దిగిందంటే నీళ్ళు. మామూలు మనిషికి ఈ ఇంట్లో దొరికేది అదే.

"దిగలేదు," అంది మెలిన్నో నెమ్మదిగా.

థ్రాసోన్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఇట్లా కూడా ఉంటుందా?"

ఫిలో కోడలి కళ్ళలోకి చూసింది. నిద్ర తీరిన కళ్ళు.

"ఉంటుందిరా. జోలికి పోకు," అంది. "నాకే ఎప్పుడూ ఇంటిదాకా నిలవలేదు."

మర్నాడు పొద్దున్నే థ్రాసోన్ తలమీద ముసుగు లాక్కుని, ఎవరి కంటా పడకుండా గోడ వారనే నీళ్ళకుండ పట్టుకుని ఊటబావికి బయల్దేరాడు.