డబ్బాల కింద క్యాలెండర్లు

రాగిణి విడాకుల కాగితాన్ని చెదలు తిన్నాయి. తప్పు చెదలది కాదు, నాది.

2006లో కోర్టు నుంచి ఆ కాగితం వచ్చిన రోజు మా అమ్మాయి రాగిణి దాన్ని బీరువాలో పెట్టబోయింది. నేను పెట్టనివ్వలేదు. బీరువాలో నా పెళ్లిచీర ఉంది, పసుపు కుంకుమ పొట్లాలు ఉన్నాయి. వాటి పక్కన విడిపోయిన కాగితం ఎందుకని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సజ్జ మీద పాత బిందెల వెనక్కి తోసేశాను. విడిపోవడం అంటే నాకు అంత భయం. మా ఆయన పోయినప్పటి నుంచి, ఎవరు ఊరెళ్తూ ఆటో ఎక్కినా అది మా చిక్కడపల్లి సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడతాను.

ఆరేళ్ల తర్వాత కవరు దించితే లోపల మట్టి, నాలుగు కాగితం ముక్కలు.

"కోర్టు ముద్ర కూడ తిన్నయమ్మా," అంది రాగిణి. "లాయరు సంతకం ఒక్కటి వదిలిపెట్టినయి. అది చేదుగున్నట్టుంది."

నవ్వించాలని అంది. నాకు నవ్వు రాలేదు. దానికి నలభై ఏళ్లు. నారాయణగూడలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది. ఇప్పుడు దాన్ని చేసుకుంటానన్న బాలకిషన్ అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకు భూగోళం చెబుతాడు. భార్య పోయి ఐదేళ్లయింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుందామని ఇద్దరూ అనుకున్నారు. ముందు నెల రోజుల నోటీసు ఇవ్వాలి, దానికి కోర్టు ముద్రతో ఉన్న విడాకుల డిక్రీ జతచేయాలి.

సంగతి తెలిసి బాలకిషన్ అక్క స్నేహలత నల్లకుంట నుంచి వచ్చింది. చాయ్ సగం తాగి మాట మొదలుపెట్టింది.

"కాగితం పోయిందంటున్నరు. అసలు అయినయా విడాకులు? నేను అడుగుతలేను అత్తమ్మా, మావోళ్లు అడుగుతున్నరు."

"మీవోళ్లంటే ఎవరు వదినా?" అంది రాగిణి.

"నేనే అనుకో." కప్పు కింద పెట్టింది. "మొదటాయన దగ్గర ఒకటి ఉంటది కద. ఒక ఫోన్ కొడితే జిరాక్స్ ఇస్తడు. గింత పరేషానెందుకు?"

"ఆ ఇంట్లకెళ్లి బయటికొచ్చిన్నాడు నా చెప్పులు కూడ అడగలే వదినా. ఇప్పుడు కాగితం అడుగుతనా?"

"అట్లయితే కాగితం చూసినంకనే పెళ్లి మాట. మా తమ్ముడు ఊకుంటడేమో, నేను ఊకోను."

బాలకిషన్ మంచివాడు, ఆగుదాం అన్నాడు. ఆగుదాం అన్నవాళ్లు అక్కడే ఆగిపోవడం నేను చూశాను.

మర్నాడు రాగిణీ నేనూ కోర్టుకు వెళ్లాం. నకళ్లు ఇచ్చే చోట గుమాస్తా దరఖాస్తు చూసి తల పైకెత్తాడు.

"నంబరేది మేడం? నంబరు, సంవత్సరం ఉంటే పదిహేను రోజులల్ల వస్తది. పేరు మీద ఎతకాలంటే ఎన్నడు దొరుకుతదో నేను చెప్పలేను."

మా లాయరు వెంకటరామయ్య గారు పోయి మూడేళ్లు. ఆయన ఫైళ్లు ఎటు పోయాయో వాళ్లింట్లోనే తెలియదు.

"లెక్కల టీచర్నయ్యుండి ఆ ఒక్క నంబరు కావాలనే మరిచిపోయిన," అంది రాగిణి మెట్లు దిగుతూ.

వరండాలో ఆ రోజు కేసుల జాబితా గోడకు అతికించి ఉంది. జనం వేళ్లతో వరసలు వెతుక్కుంటున్నారు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రెండేళ్లు ప్రతి వాయిదాకూ నేనూ అలాగే నిలబడ్డాను.

నేను బడికి వెళ్లలేదు. గోడ మీది క్యాలెండరులో వారాలు, తిథులు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఇప్పుడు రోజూ సెంట్రల్ లైబ్రరీలో పరీక్షల పిల్లల మధ్య కూర్చుని పేపరు మొత్తం చదివి వస్తాను. కానీ ఇంగ్లీషు రాదు. ఆ జాబితాలో నాకు తెలిసిన ముఖం రాగిణి కేసు నంబరు ఒక్కటే. ఇంటికి రాగానే క్యాలెండరులో తరువాతి వాయిదా తేదీ గడిలో ఆ నంబరు రాసి పెట్టేదాన్ని. వాయిదా అని రాస్తే వచ్చిపోయేవాళ్లు చదువుతారు. నంబరైతే గ్యాసు బుకింగ్ అనుకుంటారు.

నంబరు నాకూ గుర్తులేదు. రాసింది మాత్రం గుర్తొచ్చింది.

"ఆ క్యాలెండర్లు ఇంకా ఉంటయా అమ్మా?"

"ఏడికి పోతయి? డబ్బాల కింద ఉన్నయి."

ఏడాది అయిపోగానే ఆ కాగితాలను బోర్లించి వంటింట్లో షాబాదు బండ అరల మీద పరుస్తాను. పాతవి తీయను, వాటి మీదే కొత్తవి వేస్తాను. ఆ సాయంత్రం కందిపప్పు డబ్బా నుంచి చింతపండు జాడీ దాకా అన్నీ దించాం. కాగితాలు ఒక్కొక్క ఏడాదే వెనక్కి ఊడి వచ్చాయి. నూనె డబ్బా కింద, అన్నిటికంటే అడుగున, ఆ అరలు కట్టించిన ఏడాది కాగితం, 2005 సెప్టెంబరు, బండకు అతుక్కుని ఉంది. రాగిణి అట్లకాడతో మెల్లగా లేపింది. ఒక గడిలో పాలు రాలేదు అని ఉంది. ఒక గడిలో సిలిండరు వచ్చింది అని. ఇరవై రెండో తేదీ గడిలో 683/2004.

"ఇదేనా?"

"వేరే నెలలు కూడ చూడు."

నవంబరులో చూసింది. జనవరిలో, మార్చిలో చూసింది. అన్నింట్లో అదే నంబరు. లెక్క సరిచూసినట్టు మళ్లీ మొదటి దగ్గరికి వచ్చి నూనె మరక మీద వేలు పెట్టింది.

"ఈ ఎనిమిది ఏందమ్మా, ఉల్లిగడ్డ మీద ఉల్లిగడ్డ పెట్టినట్టు?"

"నాకెవరు నేర్పిన్రు? నీకు చదవస్తున్నదా లేదా, అది చెప్పు."

"వస్తున్నది," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మరోసారి చదివింది, పైకి.

పదమూడో రోజున కోర్టు ముద్రతో నకలు వచ్చింది. స్నేహలత కళ్లజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివింది. చివర తేదీ చూసి కాగితాలు మడిచింది.

"నంబరే లేదన్నరు కద, ఏడ దొరికింది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నేను లోపలికి వెళ్లి క్యాలెండరు కాగితం తెచ్చి ఆమె ముందు పరిచాను. ఆ గడిలో ఉన్నది గ్యాసు నంబరు కాదు, నా బిడ్డ విడాకుల కేసు నంబరు అని బయటివాళ్లకు చెప్పడం అదే మొదటిసారి.

"ఇది నువ్వు రాసిందా అత్తమ్మా?"

"నేనే."

స్నేహలత ఆ కాగితాన్ని కాసేపు చూసింది. "మా ఇంట్ల నిన్నటి గ్యాసు బిల్లే దొరకదు," అని నా వైపు జరిగి కూర్చుంది. "రాగిణీ, నోటీసు సోమవారం ఇచ్చేయుండ్రి. సాక్షి సంతకం నేను పెడత."

ఆమె వెళ్లాక నకలును బీరువాలో, నా పెళ్లిచీర మడతలో పెట్టాను.

తరువాత పెన్ను తీసుకుని 2012 క్యాలెండరు దగ్గరికి వెళ్లాను. నోటీసు గడువు తీరాక వాళ్లు అనుకున్న తేదీ గడిలో ఈసారి నంబరు వేయలేదు. రాగిణి పెళ్లి అని రాశాను, అక్షరాలు పక్క గడిలోకి పోయేంత పెద్దగా.