వేళ్ళ సందున టార్చి వెలుగు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, నలభై ఏడు బట్టల క్లిప్పులు. నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. నానమ్మ తడిబట్టల బకెట్టు ముందు కూర్చుంది. ఐదింటికి డ్యూటీకి వెళ్ళాలని అక్క జడ వేసుకుంటోంది. చిన్నది మాత్రం సామాన్ల గదిలో దూరి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. క్లిప్పులన్నీ దాని దగ్గరే ఉన్నాయి.

"బట్టలు ఆరేద్దామంటే క్లిప్పులు సినిమాకెళ్ళాయట" అని నానమ్మ గొణిగింది.

నిజమే. పాత ట్రంకుపెట్టె మీద చిన్నది ఒక సినిమా హాలు కట్టింది. అగ్గిపెట్టెలు కుర్చీలు, క్లిప్పులు జనం. లావుపాటి నిఘంటువు బాల్కనీ. గులాబీ రంగు క్లిప్పులకే అక్కడ చోటు. రెండు గరిటెల మధ్య కట్టిన తెల్ల రుమాలు తెర. బడిలో 'పాత రోజులు' అని గోడకి అతికించే ఫోటోల్లోకి దీన్ని పంపడానికి ఐదింటి వరకే గడువు. ఫోను అక్కది. అక్క వెళ్తే ఫోనూ వెళ్తుంది.

అయితే చిన్నదాని తొందరంతా బడి గోడ కోసం కాదు. నాన్న ముప్పై ఏళ్ళు ఊళ్ళోని సినిమా హాల్లో టార్చి పట్టుకుని జనాన్ని కూర్చోబెట్టాడు. ఆట మొదలయ్యాక సొంత చెల్లెలు వచ్చినా విశ్రాంతి దాకా బయటే నిలబెట్టాడని అత్త ఇప్పటికీ దెప్పుతుంది. హాలు కూల్చి మూడేళ్ళయింది. అప్పటినుంచి నాన్న ఆ వీధిలో నడవడు, ఆ మాట ఎత్తడు. ఈ అగ్గిపెట్టెల హాలుని ఆయన ఒక్కసారి చూస్తే చాలు. పిలుద్దామని మూడుసార్లు వరండా దాకా వెళ్ళి, మూడుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చింది.

చివరికి బీరువా అడుగున, ఖాకీ చొక్కాలో చుట్టి ఉన్న టార్చిని అడక్కుండా తీసింది. కిటికీకి దుప్పటి కట్టి, తలుపు చేరవేసి, మీట నొక్కి, వెలుగుని క్లిప్పుల మీదకి తిప్పింది. మీట టక్కుమంది. ఆ చప్పుడు నాన్న చెవిన పడనే పడింది.

చిన్నది తలెత్తేసరికి ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"మొహాల మీద వేస్తారా ఎవరైనా?" అన్నాడు నాన్న.

టార్చి అందుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని అద్దాన్ని వేళ్ళతో మూశాడు. సందుల్లోంచి ఎర్రటి సన్నని వెలుగు కుర్చీల మధ్య నేల మీద పడింది.

"కాళ్ళ ముందు వెయ్యాలి. కూర్చున్నవాళ్ళకి మనం ఉన్నట్టే తెలీకూడదు."

నడవడానికి దారే వదల్లేదని ఒక వరసని జరిపాడు. పక్కన పడి ఉన్న రెండు క్లిప్పుల్ని ఏరి, ఎంతసేపు నిలబెడతావు వీళ్ళనని కసురుకుని, ముందు వరసలో కూర్చోబెట్టాడు. చిన్నదానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఐదు నిమిషాలే ఉందని అవతలనుంచి అక్క కేకేసింది. నాన్న చెయ్యి, టార్చి, హాలు అన్నీ ఫోటోలో పట్టాలి. గది ఇరుకు. చిన్నది వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, తలుపు బార్లా తెరిచి, గడప దాటి నిలబడి ఫోను ఎత్తింది. తెరిచిన తలుపులోంచి బయటి వెలుతురు వెళ్ళి రుమాలు తెర మీద పడింది.

నాన్న తెర వంక చూశాడు. లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఆట మొదలైందమ్మా" అన్నాడు మెల్లగా. "విశ్రాంతి దాకా ఆగాలి."

చిన్నది ఫోటో నొక్కేలోపే తలుపు మూసేశాడు.