గోడలోకి వెళ్లిన రాయి

ఫిల్టియాస్ పాలరాతిని తడిచేత్తో తడిమి, ఎత్తుగా తగిలినచోట ఉలి ఆనించాడు. మేసిడోనియా సైన్యం థీబ్స్ దాటిందని పొద్దుటే కబురొచ్చింది. ఏథెన్స్ గోడ ఇక్కడ ఇంకా నడుమెత్తు కూడా లేవలేదు. రాతిగని దాకా వెళ్లే వ్యవధి లేదు. ద్వారం బయటి సమాధిరాళ్లను పెకలించి పేర్చమని సేనాపతి ఫైడ్రియాస్ ఆజ్ఞ.

ఆ రాళ్లలో సగం ఫిల్టియాస్ చెక్కినవే. పోయినవాళ్ల ముఖాలు చెక్కుతూనే అతని వేళ్లు వంకరపోయాయి, కనురెప్పలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

"నిలబెట్టిందీ నువ్వే, పడుకోబెట్టేదీ నువ్వే. బాగుంది మావా నీ పని!" అన్నాడు తోటి పనివాడు సోసియస్.

"నోటికున్న బలం నడుముకుంటే ఈపాటికి గోడ లేచేదిరా."

మధ్యాహ్నం బండి దించిన రాయిని చూసి ఫిల్టియాస్ లేచి నిలబడ్డాడు. జ్వరంతో పోయిన కూతురు మెలిట్టకు తను చెక్కిన సమాధిరాయి. చెంప మీద పడ్డ జుట్టు, కాస్త తెరిచిన పెదవులు.

సోసియస్ నవ్వు ఆగిపోయింది. "పక్కకి నెట్టేద్దాం మావా. ఎవడు చూడొచ్చాడు?"

రాయిని బోర్లా పరవాలి. చెక్కిన ముఖం ఎత్తుగా ఉంటే కింద ఖాళీ మిగులుతుంది. శత్రువు దూలంతో పొడిస్తే ఆ వరసంతా పగులుతుంది. అది ఫిల్టియాస్‌కు తెలుసు.

ఓడిన యుద్ధంలో విరిగిన చేతికి కట్టుతో సేనాపతి వచ్చాడు. "ఎందుకాగారు?"

"మా అమ్మాయి రాయండి."

సేనాపతి దారివైపు చూశాడు. దూరాన దుమ్ము లేస్తోంది. "ఇంకోటి లేదా?"

"ఉందండి. అదీ ఎవరో ఒకరి అమ్మాయిదే."

సోసియస్ చెయ్యి చాచాడు. "సుత్తి ఇటియ్యి. నేను కొడతా."

"నీది మోటు చెయ్యి. ఉండు."

ముందు జుట్టు, తర్వాత నుదురు. చెక్కిననాటి ఓపికతోనే చెరిపాడు. పెదవుల దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. రాయి వరసలో అతుక్కుంది. సందులో గడ్డిపరక కూడా దూరదు. అతను దానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

దుమ్ము దగ్గరైంది. సైనికులు విల్లులు ఎక్కుపెట్టారు. తీరా చూస్తే ఊళ్లు వదిలి కోటలోకి పరుగెత్తుకొస్తున్న కాపరులూ, గొర్రెలూ.

"గొర్రెలు మావా! గొర్రెలకి భయపడి చచ్చాం!" సోసియస్ నవ్వుతూ అతని భుజం తట్టాడు. ఫిల్టియాస్ పక్కకు ఒరిగిపోయాడు.

చీకటిపడకముందే అతన్ని కూతురి పక్కన పూడ్చారు. పైన నిలబెట్టడానికి ఒక్క రాయీ లేదు. ఆచారం ప్రకారం సమాధిరాయికి పూయడానికి భార్య నిక్కో నూనెబుడ్డి పట్టుకొచ్చి, రాయి కోసం అటూ ఇటూ చూసింది. మెలిట్ట రాయి నిలిచిన పీఠం మాత్రం అక్కడుంది. అందులోనే ఒంపి వెళ్లిపోయింది.

పీఠం మీది ఖాళీ గాడిలో నూనె ఇంకకుండా నిలిచి ఉంది.